పాడైన కవరు

"వరుడి తల్లికి కూడా పెళ్ళి కార్డు పోస్టులోనే పంపాలి అమ్మాయీ," అంది మిస్ ప్రాసర్, తలెత్తకుండానే.

జిలియన్‌కి నవ్వొచ్చింది. కాబోయే అత్తగారిల్లు రెండు వీధుల అవతలే. చర్చిలో పూలెక్కడ పెట్టాలో తేల్చిందే ఆవిడ.

"రేపు టీకి వెళ్తున్నాను కదండీ, చేతికిచ్చేస్తాను. స్టాంపు దండగ."

"తెలిసిన సంగతే అయినా సరే, తన పేరు మీద కవరు గుమ్మంలో పడాలి. తల్లికి ఆ మాత్రం మర్యాద దక్కాలి."

ఇంగ్లండులోని ఆ లడ్లో అనే ఊళ్ళో పెళ్ళి కవర్లంటే ముప్పై ఏళ్ళుగా మిస్ ప్రాసర్ చేతిరాతే. తను పెళ్ళి చేసుకోలేదు గానీ, పెళ్ళిళ్ళ పట్టింపులన్నీ ఆమెవే. ఆలుమగలిద్దరినీ పిలిచినా కవరు ఇల్లాలి పేరునే ఉండాలి. నీలం సిరా పనికిరాదు. జిలియన్ నాన్న ఆమెను చాటుగా హెడ్మాస్టరమ్మ అనేవాడు.

జిలియన్ పేర్లు చదువుతూ, మధ్యమధ్య కబుర్లు చెబుతోంది. మిసెస్ హోల్డెన్ పేరు రాగానే అత్తగారి ముచ్చట మొదలెట్టింది. పెళ్ళికొడుకు మార్టిన్ ఆరు వారాల పిల్లాడిగా తమ ఇంటికి పెంపకానికొచ్చిన రోజు కాలికున్న ఆకుపచ్చ ఉన్ని మేజోడును ఆవిడ ఇప్పటికీ అద్దాల బీరువాలో దాచుకుందట.

"ఒక్కటేనా?"

"ఒక్కటేనండీ. రెండోది ఏమైందో ఎవరికీ తెలీదు."

సిరా చుక్క ఒకటి కవరు మీద పడింది.

మిస్ ప్రాసర్ దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది. మిసెస్ హోల్డెన్ పేరు అన్నిటికన్నా నెమ్మదిగా, అన్నిటికన్నా అందంగా రాసింది.

చివరికి ఒక కవరూ, ఒక కార్డూ తగ్గాయి. పాడయ్యాయంది. ఇన్నేళ్ళలో ఒక్కటీ పాడుచెయ్యని మనిషి. పెద్దావిడకి చెయ్యి వణుకుతోంది పాపం అనుకుంది జిలియన్.

పెళ్ళినాడు చర్చిలో చిట్టచివరి బల్ల మీద ఆమె కనిపించింది. అందరూ పెళ్ళికూతురి గౌను చూస్తుంటే, ఆమె మార్టిన్‌నే చూస్తోంది. అతను ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాడు. ఫోటోల వేళకి ఆమె లేదు. ఆమెను పిలవనేలేదే అని జిలియన్ మనసు చివుక్కుమంది.

హనీమూన్ నుంచి రాగానే చిన్న పెట్టెలో కేకు ముక్క పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళింది. తాళం వేసి ఉంది. మిస్ ప్రాసర్ మంగళవారం పోయిందని, చాన్నాళ్ళుగా గుండెజబ్బని పక్కింటావిడ చెప్పింది.

"హోల్డెన్ వాళ్ళ కొత్త కోడలొస్తే ఇమ్మంది," అంటూ ఒక కవరు చేతిలో పెట్టింది.

మూలన సిరా చుక్క. ఆ పాడైన కవరే. దాని మీద నల్లసిరాతో 'మిస్ ఎడిత్ ప్రాసర్' అని ఉంది. స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర కూడా పడింది.

లోపల పెళ్ళి కార్డు. కార్డు మడతలో ఆకుపచ్చ ఉన్ని మేజోడు, ఒక్కటే.

జిలియన్ కేకు పెట్టెను ఆ గుమ్మంలో పెట్టి, మేజోడును అరచేతిలోకి తీసుకుంది.

వరుడి తల్లికి ఆహ్వానం పోస్టులోనే అందాలన్న మర్యాదను మిస్ ప్రాసర్ తన విషయంలోనూ తప్పలేదు.