బావకు బదులు

క్రీస్తురాజు వేసిన పథకంలో లోపమేమీ లేదు. భయమల్లా బావమరిది గిద్యోను నోటితోనే.

"లోపలికి పోయినాక నువ్వు నువ్వు కాదు, నేను. గుర్తుందా?" అన్నాడు, వాడి చెవులకు మాస్కు తగిలిస్తూ.

"గుర్తుంది బావా."

"నీ పేరేంది?"

"గిద్యోను," అన్నాడు వాడు. కాస్త ఆలోచించి, "క్రీస్తురాజు," అని దిద్దుకున్నాడు.

జువ్వలదిన్నె హార్బరు గేటు పక్కన ఈమధ్యే ఒక అద్దాల గది వెలిసింది. ఎవరైనా తలుపు తోసుకుని వెళ్ళి కూర్చోవచ్చు. నెల్లూరులో ఉన్న డాక్టరమ్మ తెర మీద కనిపించి మాట్లాడుతుంది. బీపీ చూడడానికీ, ఛాతీకి వైర్లు పెట్టడానికీ జయశీల అనే నర్సు రోజూ కావలి నుంచి బస్సులో వస్తుంది. ఊరు దానికి డాక్టరు డబ్బా అని పేరు పెట్టుకుంది. వైద్యం గుమ్మంలోకి వచ్చిందని అందరూ సంబరపడుతుంటే, క్రీస్తురాజుకు మాత్రం అది నెత్తిన పడ్డట్టుంది.

కారణం అతని భార్య రెజీనా. కొన్నాళ్ళుగా ఆమెది ఒకటే పాట. "నాలుగడుగులేస్తే ఆయాసపడతాండావు. డబ్బాలో చూపించుకో. బీపీ అని తేలిందా, ఇక ఈ ఇంట్లో ఎండుచేప వాసన కూడా రాదు."

ఎండు నెత్తళ్ళ వేపుడు లేని అన్నం క్రీస్తురాజు ఊహకు కూడా అందదు. తుఫానులో బోటు ఊగితే నవ్వే మనిషి, చప్పిడి కూడు అంటే వణుకుతాడు. పోనీ చూపించుకున్నానని అబద్ధం చెబుదామంటే, రిపోర్టు నేరుగా రెజీనా ఫోనుకే వస్తుందట. ఏం చేయాలో తోచక కూర్చుంటే, ఆమే మాటల్లో అంది, "పాపం ఆ జయశీలకు మన ఊళ్ళో ఒక్కరి మొహమూ తెలియదు," అని. అంతే, క్రీస్తురాజు బుర్ర పాదరసంలా పనిచేసింది.

గిద్యోను రెజీనాకు తమ్ముడు. వల లాగితే ఇద్దరి పెట్టు. వాళ్ళ నాయన ఆసుపత్రికి నడిచి వెళ్ళి నలుగురి భుజాల మీద తిరిగొచ్చినప్పటి నుంచి, వాడు మందుబిళ్ళ కూడా ముట్టడు. అయినా అక్క మొగుడు అడిగితే కాదనడం వాడి ఇంటా వంటా లేదు. ఈమధ్య వల లాగి ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు గానీ, తాడు ఒరుసుకుని ఉంటుందని క్రీస్తురాజు పట్టించుకోలేదు.

గిద్యోను లోపలికి వెళ్ళాడు. క్రీస్తురాజు తలుపుకు చెవి ఆనించాడు.

"మీ నాన్నగారు ఏ వయసులో పోయారు?" డాక్టరమ్మ గొంతు.

"యాభై కూడా నిండలేదమ్మా. గుండెపోటు."

క్రీస్తురాజు నుదురు కొట్టుకున్నాడు. అతని తండ్రి ఆ నిమిషాన ఇంటి అరుగు మీద కూర్చుని నిక్షేపంగా వల కుట్టుకుంటున్నాడు.

చాలాసేపటికి గిద్యోను బయటికి వచ్చాడు. కళ్ళ నిండా నీళ్ళు. వస్తూనే క్రీస్తురాజు చేతులు పట్టుకున్నాడు.

"బావా, నువ్వు కంగారుపడబాక. నీ గుండెకు రక్తం సరిగ్గా అందతా లేదంట. ఇవాళే నెల్లూరు పోవాలంట. నేనుండాను గదా, నీకేం కానీను."

క్రీస్తురాజుకు చెమటలు పట్టాయి. దిగులుగా ఛాతీ తడుముకున్నాడు. అప్పటికి గానీ బుర్ర వెలగలేదు.

"ఒరే, ఆ వైర్లు ఎవరి ఛాతీకి పెట్టినారు?"

గిద్యోను తల వంచి తన చొక్కా వంక చూసుకున్నాడు. చెయ్యి మెల్లగా ఎడమ భుజం మీదికి పోయింది.

"రిపోర్టు నీ పేరు మీద గదా వస్తుంది," అన్నాడు చిన్నగా. "నువ్వే పో బావా. నేను ఆసుపత్రికి రాను."

తన పెళ్ళిలో నిక్కరు వేసుకుని తోడుపెళ్ళికొడుకుగా పక్కన కూర్చున్న పిల్లాడు వీడు. వీడికేమన్నా అయితే, అనుకోగానే క్రీస్తురాజు ఇక ఆగలేకపోయాడు. ఎండుచేపలు పోతే పోనీ, పరువు పోతే పోనీ అనుకుని, బావమరిది రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కెళ్ళాడు.

"అమ్మా, మోసం చేసినాను. క్రీస్తురాజుని నేను. వీడు నా బావమరిది గిద్యోను, నాకు బదులు వచ్చినాడు. జబ్బు వీడిది. నన్ను పోలీసులకు పట్టించినా సరే, ముందు వీణ్ణి బాగుచేయండి."

తెర మీద డాక్టరమ్మ ఉలిక్కిపడలేదు. జయశీల మొహం తిప్పుకుని వైర్లు చుట్టసాగింది.

"వేళకే వచ్చారు, భయం లేదు," అంది డాక్టరమ్మ. "ఆంబులెన్సు వస్తోంది. మీరు పక్కన కూర్చుంటే ఆయన ఎక్కుతారు."

ఆంబులెన్సు వచ్చింది. బావ చెయ్యి వదలకుండా గిద్యోను ఎక్కాడు. గేటు దగ్గర రెజీనా సంచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఎవరూ ఫోను చేయలేదు. సంచిలో పైనే మడత పెట్టి ఉన్న లుంగీ గిద్యోనుది.

క్రీస్తురాజు సంచి వంకా, భార్య వంకా మార్చి మార్చి చూశాడు. "నువ్వు ఎవరికి బాగాలేదని వచ్చినావు?"

రెజీనా ఎక్కి తమ్ముడి పక్కన కూర్చుంది. వాడి తల నిమిరి, మొగుడి వైపు తిరిగింది.

"నీ నెత్తళ్ళు వేయించి మూతపెట్టి వచ్చినాను, తిరిగొచ్చి తిందువుగాని, వీణ్ణి ఆ డబ్బాలో కూర్చోబెట్టాలంటే నీ చేత ఈ దొంగపని చేయించడం తప్ప నాకింకో దారి దొరకలేదయ్యా."