మాట్లాడే గాజులు

హైమకు పుట్టుకతోనే మాట రాదు. ఆమె సైగ చేస్తే, చేతి గాజులు దాన్ని కమ్మటి గొంతుతో పలికేవి. గాజులు రాకముందే ఆమెను పెళ్లి చేసుకున్న సూరిబాబు సైగలు నేర్చుకున్నాడు. గాజుల గొంతే అమ్మ గొంతనుకుని పెరిగిన కూతురు మృదులకు ఆ అవసరమే రాలేదు.

సూరిబాబు పోయిన పదో రోజున హైమ చేతి గాజులను ఆడపడుచు తీయించింది.

"అవి లేకపోతే అమ్మ ఎలా మాటాడుద్ది అత్తా?" అంది మృదుల.

"రేపు తొడుగుదువుగానిలే. ఇయ్యాల మటుకు ఉండకూడదు."

హైమ భర్త ఫోటో వైపు తిరిగి, చేతులతో ఆగకుండా ఏదో చెప్పసాగింది. ఆ సైగలు తెలిసిన మనిషి ఇంట్లో అతనొక్కడే.

అమ్మ తల్లడిల్లిపోతోందనుకుని మృదుల పరుగున వచ్చింది.

"ఏడవకమ్మా," అంటూ ఆ రెండు చేతులూ గట్టిగా పట్టేసుకుంది.

అమ్మ నోరు నొక్కేశానని ఆ పిల్లకు తెలియదు.