తూముకాడ బండ

"నా మిద్దె కురుస్తలేదు. కురుస్తున్నది నీ నోరే!" అంటూ సోమేశ్వర్ గడ్డకట్టిన సిమెంటు పెళ్లను బజారులోకి విసిరేశాడు.

అది జంగప్ప దుకాణం మెట్ల ముందు పడి ముక్కలైంది. మేకులకీ సున్నానికీ వచ్చిన వాళ్లంతా కొనడం మానేసి తమాషా చూస్తున్నారు.

"సేటూ, మొన్నటి వడగండ్ల వానకే మూలకున్న బస్తాలన్ని రాయైనయి. గోదాము కిరాయి తీసుకుంటవు గని మిద్దె బాగు చెయ్యవా?" అన్నాడు జంగప్ప.

"తాండూరుల ఎవల ఇల్లు పాడైనా సలహా నువ్వే చెప్తవు గద! చెద పట్టినా జంగప్పే, గోడ చెమ్మగిలినా జంగప్పే. మరి నీ గోదాముకు నువ్వే చెప్పుకో."

"నా పైసలతోటే బాగు చేయించుకుంట. జర మిద్దె ఎక్కనియ్యి."

"ఎక్కే మెట్లు నా పెరట్ల ఉన్నయి. పెరట్ల కాలు పెట్టి చూడు, ఇరగ్గొడ్త!"

జనం గొల్లుమన్నారు. జంగప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. సిమెంటు పర్మిట్ల మీద దొరికే రోజులు. ఊళ్లో మరో గోదాము ఖాళీ లేదు. అందుకే పళ్లు నూరుకుంటూ ఊరుకున్నాడు. 'వీడితో కన్నీళ్లు పెట్టించకపోతే నా పేరు జంగప్పే కాదు' అనుకున్నాడు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం సోమేశ్వర్ తల్లి కస్తూరమ్మ నెత్తిన కొంగు కప్పుకుని, వెనక్కి చూసుకుంటూ దుకాణం మెట్లెక్కింది.

"జంగప్పా, మిద్దె కురవకుండ ఏం చెయ్యాలె కొడుకా? మిరుగు వానలు రాకముందే చేయించాలె. మావోనికి తెలువొద్దు. వాడు పైస ఇడువడు. నా పెట్టెల పైసలున్నయి, గవే పెడ్త."

జంగప్ప మనసు గంతులు వేసింది. దేవుడనేవాడు ఉన్నాడు! లేకపోతే పగవాడి ఇంటి కప్పు ఇలా తనంతట తానే వచ్చి చేతికి చిక్కుతుందా?

బండల మిద్దె మీద చౌడు మట్టి పోయాలి. వాన పడితే అది బిగుసుకుని చుక్క కూడా కిందికి దిగనివ్వదు. నల్లరేగడి పోస్తే మాత్రం ఎండకు బారెడు బీటలు వారుతుంది. ఆ బీటల్లోంచి వాన సరాసరి నట్టింట్లోకే. ఈ సంగతి ఊళ్లో అందరికీ చెప్పేది జంగప్పే.

"పాత సౌడంత తోడి పారెయ్యాలె అవ్వా. నల్లరేగడి పోయించు, మోకాలెత్తు."

"నల్లరేగడా? మా అత్త కాలం నుంచి సౌడే పోస్తున్నం గద!"

"గందుకే కురుస్తున్నది. నల్లరేగడంటే జిగట మన్ను. చుక్క దిగది. ఇంకోటి, నీళ్లు పోయే తూముకాడ ఓ బండ అడ్డం పెట్టియ్యి. లేకుంటే మన్నంత కొట్టుకపోతది."

ఆమె బుద్ధిగా తలూపింది. ఆ ముడతల ముఖం చూసి జంగప్పకు కొంచెం జాలేసింది. ఆ కప్పు కిందే కదా ఈ ముసలామె కూడా పడుకునేది!

"అవ్వా, మిరుగుకు నువ్వు జర చుట్టాలింటికి పోరాదూ?"

"నాకేమైతది కొడుకా? నా ఫికర్ వెట్టుకోకు." కస్తూరమ్మ నవ్వింది. "నువ్వు మంచోనివి జంగప్పా. మావోడు బజార్ల గన్ని మాటలన్నా మనసుల వెట్టుకోలే."

జంగప్ప తల వంచుకుని, ఎవరూ అడగని మేకులు తూచాడు.

సోమేశ్వర్ సరుకు కోసం గుల్బర్గా వెళ్లిన వారమే బీరన్న బండి పెద్దేముల్ దిక్కు నుంచి నల్లరేగడి మోసుకొచ్చింది. బండి సోమేశ్వర్ పెరట్లోకి మళ్లుతుంటే జంగప్ప గల్లా మీద కూర్చుని పల్లీలు నములుతూ చూశాడు. ఉన్న జాలి కాస్తా ఆవిరైపోయింది.

"దండిగ పొయ్యి బీరన్నా! కంజూసు చెయ్యకు!" అని కేకేశాడు కూడా.

మిరుగు దగ్గర పడుతుండగా జంగప్పకు పర్మిట్టు సిమెంటు దిగింది. భార్య గాజులు కుదువపెట్టి మరీ విడిపించుకున్నాడు. ఆ ఏడాది బతుకంతా ఆ బస్తాల్లోనే ఉంది. కురిసే మూల వదిలేసి, పొడిగా ఉన్న వైపంతా కప్పు తగిలేదాకా పేర్చి, గోదాముకు తాళం వేశాడు.

ఆ మర్నాడే ఆకాశం చిల్లులు పడ్డట్టు కుండపోత. జంగప్ప దుకాణం తలుపు ఓరగా వేసుకుని ఉరుము ఉరుముకూ మురిసిపోయాడు. ఇప్పుడు సోమేశ్వర్ మంచం తడిసుంటుంది. ఇప్పుడు బియ్యం బస్తాలు. ఇప్పుడు గిన్నెలు పట్టుకుని అర్రలన్నీ ఉరుకుతూ ఉంటాడు.

"కొట్టు, ఇంకా కొట్టు!" అన్నాడు వానతో.

గొడుగు మడుస్తూ కస్తూరమ్మ లోపలికొచ్చింది. జంగప్ప గబగబా ముఖం దిగాలుగా పెట్టుకున్నాడు.

"అయ్యో అవ్వా! ఇల్లంత కురుస్తున్నదా?"

"మా ఇల్లెన్నడు కురిసింది కొడుకా? మావోడు గుర్రు పెట్టి పంటున్నడు." ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "వాడు నిన్నన్న మాటలకు నాకు ఒక్క రాత్రి కూడ నిద్ర పట్టలే. గందుకే వాడు ఊర్ల లేంది చూసి, నువ్వెట్ల చెప్తే గట్ల నీ గోదాము మీదనే పోయించిన. తూముకాడ బండ గూడ మరువలే!"