ఎడమ బూటు

నరసరావుపేట బస్టాండు ముందు నెహెమ్యా కుడి బూటు నోరు తెరిచింది.

కాన్వాసు బూటు. కాలేజీ బాస్కెట్‌బాల్ టీముతోపాటు రెండేళ్ళు ఎగిరింది. ఇంకెన్నాళ్ళు ఓర్చుకుంటుంది, పాపం.

అతని జేబులో మద్రాసు నుంచి ఒక మిల్లువాళ్ళు రాసిన ఉత్తరం ఉంది. గుంటూరు పోటీల్లో ఆట చూసి ముచ్చటపడ్డారు. వాళ్ళ టీములో ఆడాలి, మిల్లులోనే ఉద్యోగం. ఒకటో తారీకుకల్లా వచ్చి చేరాలి. బి.ఏ. పరీక్షలయ్యేదాకా ఆగరట.

జవాబు ఆ సాయంత్రం టపాలో పడాలి.

"పొమ్మనీ అనను, ఉండమనీ అనను. ఆడినన్నాళ్ళే అన్నం రా అది," అన్నాడు డ్రిల్లు మాస్టారు గోపాలకృష్ణయ్య, పొద్దున ఉత్తరం చూపిస్తే.

ఆ మాటతో తేలిందేముంది? వారం రోజులుగా ఆలోచించి ఆలోచించి నెహెమ్యా బుర్ర అలిసిపోయింది.

బస్టాండు గోడ పక్కన ఒక ముసలాయన చెప్పులు కుడుతున్నాడు. ఈమధ్యనే వచ్చి కూర్చుంటున్నాడు. ఎక్కడివాడో ఎవరూ అడగలేదు.

నెహెమ్యా అటూ ఇటూ చూసి బూటు విప్పి ఇచ్చాడు. అతని తాత కూడా తోలు పని చేసినవాడే, మోటబావుల్లో నీళ్ళు తోడే తోలు బానలు కుట్టేవాడు. కాలేజీలో ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. అందుకే చెప్పులు కుట్టేచోట నిలబడాలంటే అతనికి సిగ్గు.

"రెండోది కూడా ఇయ్యి."

"అది బాగానే ఉంది."

"అందుకే ఇయ్యమంటన్నా."

ముసలాయన రెండు బూట్లూ పక్కపక్కన బోర్లించి, అడుగులు వేలితో తడిమాడు. కుట్టు మాత్రం మొదలుపెట్టలేదు.

"కుడిది అరిగి కాయితమైంది. ఎడమది అరగనే లేదు. ఎడమ మోకాలు ఎన్నాళ్ళ నుంచి నొప్పి, అబ్బాయా?"

నెహెమ్యా గబుక్కున ఎడమకాలు వెనక్కి లాక్కున్నాడు. ఆ నొప్పి సంగతి మాస్టారికి చెప్పలేదు. తల్లికీ చెప్పలేదు.

"నొప్పేం లేదు. నువ్వు కుట్టు."

"ఎగిరి దిగేటప్పుడు బరువంతా కుడికాలి మీద పడేస్తన్నావు. మెట్లు దిగేటప్పుడు ఎడమది పట్టు తప్పుద్దిగా?"

"తప్పదు."

అబద్ధం. మొన్ననే హాస్టలు మెట్ల మీద రెండుసార్లు తప్పింది.

"ఆర్నెల్లు ఎగరమాక. కూచుని పరీక్షలు రాసుకో. ఇప్పుడు ఆగితే ఆ కాలు నిలబడుద్ది."

"ఆర్నెల్లు ఆగితే ఉద్యోగం నిలబడుద్దా? మా అమ్మ ఇంకా ఎన్నేళ్ళు మిరపకాయలు కోసిద్ది?"

ఎవరితోనూ అనని మాట ముక్కూమొహం తెలియనివాడి ముందు బయటపడింది.

"కాలు పోతే మళ్ళీ ఆమే కోయాలిగా నాయనా."

నిజం నిష్ఠూరమంటారు. నెహెమ్యాకు ఒళ్ళు మండింది.

"చెప్పులు కుట్టుకునేవాడికి మోకాళ్ళ గొడవెందుకు? నువ్వేమన్నా డాక్టరువా?"

ముసలాయనకు కోపం రాలేదు.

"కాదు నాయనా," అని సూది అందుకున్నాడు.

కుడి బూటు కుట్టాడు. ఎడమ బూటులో మడమ కింద చిన్న తోలుముక్క సర్దాడు. "దీంతో నడువు. ఎగరమాక," అన్నాడు.

వయసులో ఉన్నవాడి చెవికి ఎక్కే మాటేనా అది? వీధి మలుపు తిరగ్గానే నెహెమ్యా ఆ ముక్క పీకి సైడు కాలవలో పారేశాడు. చేరతానని రాసిన కార్డు పోస్టు డబ్బాలో వేశాడు.

మిల్లు టీములో ఎనిమిది నెలలు ఆడాడు. రాజుపాలెంలో తల్లి ఎస్తేరు కూలి మానేసింది. ఆదివారం ఉతికిన చీర కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునేది. ఆ ఇంటికి సుఖమంటూ తెలిసింది ఆ ఎనిమిది నెలలే.

తొమ్మిదో నెలలో బంతి కోసం ఎగిరి దిగేసరికి ఎడమ మోకాలు మడతపడింది. అతను మళ్ళీ సరిగా నిలబడలేదు.

ఆడలేనివాడితో మిల్లుకేం పని? రైలెక్కించి పంపారు.

కట్లు కట్టించుకున్నాడు. పసర్లు పోయించుకున్నాడు. కర్ర ఊతం లేనిదే అడుగు పడలేదు. ఎస్తేరు మళ్ళీ కోతలకు వెళ్ళింది. కొడుకును ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండునని అతనికి అనిపించేది.

రెండేళ్ళ తర్వాత పాస్టరుగారు ఉత్తరం రాసిచ్చి, మద్రాసు అవతల ఒక మిషను ఆసుపత్రికి పంపారు.

అక్కడి డాక్టరు దయామణి తెలుగావిడ. మోకాలు వంచి చూసింది, చాపి చూసింది.

"మొదట్లోనే వచ్చి ఉంటే కొన్నాళ్ళు ఎగరకుండా ఆపి, బూటు సరిచేసి నిలబెట్టేవాళ్ళం. ఇప్పుడు కర్ర తప్పదు బాబూ."

"అప్పుడు మాకెవరు చెబుతారమ్మా," అని నెహెమ్యా తల వంచుకున్నాడు. నిజం చెప్పడానికి కూడా ఓపిక లేదు అతనికి.

"ఏ ఊరు మీది?"

"రాజుపాలెం అండీ. చదివింది నరసరావుపేటలో."

ఆవిడ రాస్తున్న కాగితం పక్కన పెట్టేసింది.

"నరసరావుపేటలో ఉండి ఎవరూ చెప్పలేదంటావేమిటి? మా జక్రయ్య ఉన్నాడుగా. రిటైరయ్యాక అక్కడ బస్టాండు గోడ పక్కన చెప్పులు కుట్టుకుంటున్నానని నాకు కార్డు రాయించాడే."

నెహెమ్యా వంచిన తల ఎత్తాడు.

"ముప్పై ఏళ్ళు ఇక్కడ అవిటి కాళ్ళకు బూట్లు కుట్టాడాయన," అంది డాక్టరమ్మ. "మా పెద్ద డాక్టరు దొరగారు ఏ కాలికి కత్తి పెట్టాలన్నా, ముందు ఆ రోగి బూట్లు జక్రయ్యకు చూపించి, ఆయన ఏమంటాడో వినందే ఆపరేషను గదిలోకి అడుగుపెట్టేవారు కాదు."