వేళ్లతో కాదు, అరచేత్తో

“నీళ్లు మసలినయా?”

“మసలుతున్నయ్ అక్కా.”

“ఉప్పెయ్. జొన్నపిండి ఒక్కసారే పొయ్. చెయ్యి పెట్టకు, కాల్తది. గరిటెతో కలిపి మూతపెట్టు.”

జ్యోత్స్న మూత పెట్టి, పప్పు డబ్బాకు ఆనించిన ఫోన్ వైపు చూసింది. ఫోన్ కెమెరా పొయ్యి మీదికి తిప్పి ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అవతల కారేపల్లిలో ప్రమీల తన ముందున్న లాప్‌టాప్ తెరను చూపిస్తోంది. అది జ్యోత్స్న ఇచ్చిన పాతదే.

“పిండి మగ్గేలోపు నీ పాఠం. పట్టికల మొదటి పేరు జంపయ్య. అది కొట్టు అక్కా.”

ప్రమీల కొట్టింది. చివరి అక్షరం వరుసగా పన్నెండుసార్లు పడింది.

“అక్కా! అది మీట, పిండి ముద్ద కాదు. నొక్కిపట్టొద్దు. తట్టి వదులు.”

“హాస్టల్ల రెండొందల మందికి పిసికిన చేతులాయె. తట్టి వదులుమంటే జల్దీ వస్తదా?”

“రేపే పరీక్ష. రావాలె.”

రెండో పేరుకు నాలుగు పడ్డాయి. మూడో పేరుకు రెండు. ప్రమీల ఊపిరి బిగబట్టి కొడుతున్నట్టు చెవిలో తెలుస్తోంది. రేపు పరీక్ష రాసే కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం ఆమెకు జీతం కోసం మాత్రమే కాదు. స్థిరమైన ఆదాయం చూపిస్తే బిడ్డను ఆమె దగ్గర ఉంచే విషయం మళ్లీ చూస్తామని కోర్టు చెప్పింది. రోజుకూలీ వంటమనిషి కాగితం అక్కడ చెల్లలేదు.

“పిండి తియ్యి” అంది ప్రమీల. “గోరువెచ్చగున్నప్పుడే పిసకాలె.”

జ్యోత్స్న పిసికింది. పొడిపిండి చల్లి ముద్ద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. అంచు నాలుగు చోట్ల చీలింది.

“గిదేంది? రొట్టె చేస్తున్నవా, టైపు కొడుతున్నవా? వేళ్లతో కాదు, అరచేత్తో. తట్టుకుంట తిప్పు.”

ఖానాపురం హవేలి ప్రాంతంలోని జ్యోత్స్న ఇంట్లో జొన్నరొట్టె చేయడం ఇదే మొదలు. జ్యోత్స్న హాస్టళ్లలో అన్నం తిని పెరిగింది, ఇప్పుడు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతోంది. ఇంట్లోని ఆరేళ్ల పిల్ల భాను మాత్రం తండాలో పెరిగింది. వేసవిలో ఇక్కడికి వచ్చి ఒకటో తరగతిలో చేరినప్పటి నుంచి ముద్ద నోట్లో పెట్టుకుని మింగదు. నూడుల్స్ చేసినా, పూరీ చేసినా పళ్లెం అలాగే తిరిగి వస్తుంది. రెండు కిలోలు తగ్గింది. ఇంకొక్క కిలో తగ్గితే దవాఖానాలో చేర్చమన్నాడు డాక్టర్.

“ఎవరే ఆ పంతులమ్మ, గంట నుంచి?” హాల్లోంచి భర్త కోటేష్ అడిగాడు.

“నేను కంప్యూటర్ నేర్పే అక్క.”

“అంటే పాఠానికి రొట్టె ఫీజా! మంచి బేరమే.”

మొదటి రొట్టె పెనం మీద మూడు ముక్కలైంది. జ్యోత్స్న దాన్ని కోటేష్‌కు పెట్టింది.

“పగిలినయన్నీ మొగుడికా?” అన్నాడు కోటేష్.

“అవ్. నోరు మూసుకొని తిను.”

రెండోది గుండ్రంగా నిలిచింది. పైన తడి అద్ది, ఆరాక తిప్పేసింది. పొంగింది.

“అంచు కొంచెం మాడనియ్యి” అంది ప్రమీల. “ముందు అంచు విరిచి చేతికియ్యి. నోట్లె పెట్టకు. పిల్లలకు ఎవరన్న నోట్లె కుక్కితే కోపం. వాళ్లంతట వాళ్లే తినాలె.”

వాసనకు భాను వంటింటి గుమ్మం దాకా వచ్చింది. జ్యోత్స్న అంచు విరిచి చేతికిచ్చింది. భాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కొరికింది. నమిలింది. మింగింది.

“బాటి” అంది భాను. తండాలో జొన్నరొట్టెను అలాగే పిలుస్తారు.

కింద కూర్చుని రొట్టె మొత్తం తినేసింది. చేయి చాచింది.

“అమ్మా, ఇంకోటి.”

జ్యోత్స్న చేయి పిండి మీద ఆగింది. చెవిలో ఎక్కడో స్టూలు జరిగిన చప్పుడు.

“అక్కా, ఉన్నవా?”

“ఉన్న. కడుపు నిండ తిన్నదా?”

“రెండోది తింటున్నది.”

“మంచిది.” ప్రమీల మళ్లీ స్టూలు ముందుకు జరుపుకుంది. “ఇగ నా పాఠం కానియ్యి.”

అరగంటలో ప్రమీల పది పేర్లు తప్పు లేకుండా కొట్టింది. భాను వచ్చి జ్యోత్స్న ఒడిలో తల పెట్టి పడుకుంది. ఇలా రావడం ఇదే మొదటిసారి. జ్యోత్స్న ఆ జుట్టులో వేళ్లు పెట్టింది.

“అంతేనా? ఇంకేమన్న ఉన్నదా?” అడిగింది ప్రమీల.

ఉంది. పట్టిక ఎంత బాగా కొట్టినా, ఫైలుకు హాల్‌టికెట్ నంబరే పేరుగా పెట్టి సేవ్ చేయకపోతే దిద్దరు. పోయినసారి జ్యోత్స్న దగ్గర నేర్చుకున్న వాళ్లలో ముగ్గురు అక్కడే ఫెయిలయ్యారు.

జ్యోత్స్న ఒడిలోకి చూసింది. భాను నిద్రపోయింది. పెదవి మీద రొట్టె పొడి.

“అంతేనా?” మళ్లీ అడిగింది ప్రమీల.

“ఒకటున్నది. రాసుకో అక్కా.” జ్యోత్స్న నంబరు సంగతి చెప్పింది. రెండుసార్లు చెప్పింది. చేసి చూపించమని అడిగి, చూసింది.

“ఇది నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదే కాదు గదా?”

“తెలవకపోవు.”

“మరెందుకు చెప్పినవ్?”

“పడుకో అక్కా. పొద్దున జల్దీ బయల్దేరాలె.”

జ్యోత్స్న ఫోన్ పెట్టేసింది. ఒడిలో పిల్ల కదిలితే, లేవకుండా అలాగే కూర్చుంది.

భానును కన్నది ప్రమీల, కోటేష్ మొదటి భార్య.