పడినోళ్లే రావాల

“పడినోళ్లేరి? ఒక్కరన్నా వచ్చి నా ఎదట నిలబడితే గదా నేను నమ్మేది!” అంటూ సూపర్‌వైజర్ మస్తానయ్య అర్జీని వెనక్కి తోశాడు.

బల్లకు అవతల నిలబడ్డ సుభాన్ పెన్నలో పడవ నడుపుతాడు. ఏటికి అవతలి ఊళ్లవాళ్లు ఆత్మకూరు రావాలంటే వానాకాలంలో అతని పడవే దిక్కు.

“ఎట్ట వస్తారు సార్? చెంచమ్మ తుంటి విరిగి మంచాన ఉండాది. బర్కతుల్లాకి మోచెయ్యి తప్పింది. బడి అయివారికి ముందు పళ్లు మూడు రాలిపోయినాయి. రేవులో పడవెక్కే ర్యాంపు నిండా పాచి సార్. కాలు పెడితే జర్రున పోయి పడవ కింద తేలతా ఉండారు.”

“కింద చూసి నడవాల. ర్యాంపు ఏం చేసుద్ది?”

పొగరుతో అన్నది కాదు. ఆ ర్యాంపంటే అతనికి అంత నమ్మకం. అంతకుముందు ఏడాది, ఎనభై మూడు ఎండాకాలంలో, గొడుగేసుకుని దగ్గర నిలబడి కట్టించాడు. మస్తానయ్య పుట్టి పెరిగింది ఉదయగిరిలో, చెక్క గరిటెలు చేసే వీధిలో. చేత్తో రాస్తే ఎక్కడా గరుకు తగలకపోవడమే పనితనమని చిన్నప్పుడే తలకెక్కింది. “కాస్త గరుగ్గా వదిలేద్దాం సార్” అని మేస్త్రీ మాల్యాద్రి అన్నా వినకుండా, సిమెంటు పాలు పోయించి అద్దంలా నున్నగా తీర్పించాడు. ఆ అద్దం మీద రెండు వానలకే పచ్చటి పాచి పరుచుకుంది.

సుభాన్ అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున్నే ఆఫీసు వరండాలో టకటకమని చప్పుడైంది. అరవై ఏళ్ల ఆడమనిషి రెండు చంకకర్రల మీద లోపలికొచ్చింది. కుడికాలికి పాదం నుంచి మోకాలు దాకా మందంగా కట్టు.

“నా పేరు హన్నమ్మ, నాయనా. ఏటి అవతల. ఈ కాలు చూడు.”

మస్తానయ్య గభాలున లేచి కుర్చీ జరిపాడు.

“కూర్చోమ్మా. ఎన్నాళ్లయింది పడి?”

“దినాలు లెక్కపెట్టుకుంటే నొప్పి తగ్గుద్దా? మంచాన పడ్డ మనిషి బాధ నీకేం తెలుసు? పక్కకు తిరగాలంటే ఒకరు పట్టుకోవాల. దాహమైనా, నీళ్లు తాగితే మళ్లీ లేపమని ఎవరిని అడగాలా అని నాలుక తడుపుకుని ఊరుకోవాల. ఇంటికి పెద్దకోడలై ఇరవై మందికి వండి పెట్టిన మనిషి, ఇప్పుడు గంజి కోసం ఎదురు చూస్తా పడుకోనుంటాది.”

మస్తానయ్య మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. అయినా పట్టు వదల్లేదు.

“పొరపాటున జారుంటావమ్మా. ఆ ర్యాంపు మీద నేను కళ్లు మూసుకుని నడుస్తా.”

“కళ్లు తెరుచుకునే నడువు నాయనా. ఒక్కసారి వచ్చి నడువు.”

“గురువారం వస్తున్నా.”

అన్నట్టే వచ్చాడు. లేసుల బూట్లు, ఇస్త్రీ ప్యాంటు, చేతిలో టేపు. గట్టు మీద హన్నమ్మ కర్రల మీద వంగి నిలబడి ఉంది. చెయ్యి మెడకు కట్టుకున్న బర్కతుల్లా, బోసిగా కనపడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్న అయివారు ఆమె పక్కనే నిలబడ్డారు. కింద పడవలో సుభాన్ ఉన్నాడు.

“బూట్లు విప్పండి సార్. నా చెయ్యి పట్టుకోండి” అని సుభాన్ పైకి రాబోయాడు.

“నువ్వక్కడే ఉండు.”

మొదటి నాలుగు అడుగులూ బాగానే పడ్డాయి. మస్తానయ్య వెనక్కి తిరిగి, చూశారా అన్నట్టు గట్టు వైపు నవ్వాడు. అయిదో అడుగుతో ఆకాశం కనపడింది. వీపు మీద పడి, గింజుకునే లోపలే సర్రున జారిపోయి, పడవ కట్టే ఇనపకొంకీకి చెయ్యి తగిలి ఆగాడు. పటుక్కుమన్న చప్పుడు అతనికే వినపడింది.

ఎవరూ నవ్వలేదు.

“చెయ్యి కదిలించొద్దు! సుభానూ, మణికట్టు కింద తెడ్డు పెట్టు! లాగబాకు, లాగబాకు!” గట్టు మీద నుంచి హన్నమ్మ కేకలు పెట్టింది. ఆమె చెప్పినట్టే సుభాన్ తెడ్డుకు చెయ్యి కట్టి, నడుము పట్టుకుని పైకి తెచ్చాడు. పాచి నీళ్లు కారుతూ మస్తానయ్య ఆమె ముందు నిలబడ్డాడు.

“పది రోజులు టైం ఇయ్యమ్మా” అన్నాడు పళ్లు బిగబట్టి.

పిండికట్టు ఆరకముందే పని మొదలుపెట్టించాడు. మాల్యాద్రి సుత్తీ ఉలీ పట్టుకుని ఆ నున్నటి సిమెంటును జానెడుకొక అడ్డగాడి చొప్పున చెక్కుతుంటే, ప్రతి దెబ్బా తన ఒంటి మీద పడినట్టున్నా మస్తానయ్య అక్కడి నుంచి కదల్లేదు. ఒక పక్క పట్టుకోవడానికి ఇనప పైపు నాటించాడు. వారానికొకసారి సున్నం చల్లి పాచి గీకే పని సుభాన్‌కు అప్పజెప్పాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం జడివానలో నలభై మంది ఎక్కి దిగారు. ఒక్కరి కాలూ జారలేదు.

మరుసటి ఆదివారం ఉదయగిరి వెళ్లి, తన వీధిలోనే మంచి చేతికర్ర ఒకటి చేయించుకొచ్చాడు. పట్టు దగ్గర తప్ప మిగతాదంతా గరుకుగానే ఉంచమని మరీ చెప్పాడు. ఆ కర్రతో రేవులో దిగి పడవెక్కాడు.

“హన్నమ్మ ఇంటికి తీసుకుపో సుభాన్. చంకకర్రలు తీసేశాక దీంతో నడుస్తుంది. ఆమెను చూస్తే నాకు తలెత్తుకోబుద్ధి కావడం లేదు. ఇంతకీ పాపం, ఈ ర్యాంపు మీద ఆమె ఎక్కడ పడింది?”

సుభాన్ తెడ్డు వెయ్యడం ఆపాడు. నీళ్లకేసి చూశాడు, ర్యాంపుకేసి చూశాడు, చివరికి మస్తానయ్య ముఖంలోకి చూశాడు.

“హన్నమ్మవ్వ ఎన్నడూ పడలేదు సార్. పడినోళ్లకి కట్లు కట్టేది ఆమె; పడినోళ్లే రావాలని మీరంటిరని తన కాలికీ ఒకటి కట్టుకునొచ్చింది.”