మఫ్టీ మనిషి

"వెనక వరసలో ఆ గుండు మనిషిని చూశావా? నిన్న కూడా అక్కడే కూర్చున్నాడు."

లాయరు జగన్నాథరావు చెవిలో ఊదేసరికి అంకారావు తిరిగి చూశాడు.

నిజమే. నలభై దాటిన మనిషి. నున్నగా గొరిగించిన తల, ఒళ్లో గుడ్డసంచి. అందరూ తెర వైపు చూస్తుంటే అతను మాత్రం అంకారావునే చూస్తున్నాడు.

ఎమర్జెన్సీ పోయి పది నెలలైంది. వాన వెలిశాక గొడుగులు విప్పినట్టు తిరువూరులో చాలామందికి ఒక్కసారే ధైర్యం వచ్చింది. లాయర్లూ మేష్టర్లూ కలిసి ఫిల్మ్ సొసైటీ పెట్టారు. మూడు రోజులు రాజకీయ సినిమాలు. పొద్దుటిపూట హాలు ఎలాగూ ఖాళీయే కాబట్టి యజమాని ఊరికే ఇచ్చాడు.

అన్నీ పరాయి దేశాల సినిమాలే. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. తెర పక్కన నిలబడి వాటిని తెలుగులో గట్టిగా చెప్పడం అంకారావు పని. హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టరు, పైగా గంటలాంటి గొంతు.

ఆ రోజు సినిమాలో పోలీసులు తరుముతుంటే ఒకడు వచ్చి స్నేహితుడి తలుపు తట్టాడు.

"ఒక్కపూట ఉండనివ్వరా, పోతాను" అని చెప్పాల్సిన చోట అంకారావు గొంతు పూడుకుపోయింది.

భలే నటించాడని జనం చప్పట్లు కొట్టారు.

నటన కాదు. రెండేళ్ల కిందట యోసేపు అచ్చం ఈ మాటే అడిగాడు. ఒకే బెంచీ మీద చదువుకుని, ఒకే సైకిలు మీద తిరిగిన యోసేపు. "ఇంట్లో చుట్టాలున్నారురా" అని అబద్ధమాడి అంకారావు తలుపేసుకున్నాడు. వారం తిరక్కుండా యోసేపుని పట్టుకుపోయారు. ఆరు నెలలకు, జైల్లో జ్వరంతో పోయాడని కబురొచ్చింది. శవాన్ని చూడ్డానికైనా అంకారావు వెళ్లలేదు. భయం.

ఇప్పుడు ఒక్క దిగులే మిగిలింది. పోయేముందు వాడు తనను తిట్టుకున్నాడా, క్షమించాడా? ఆ ఒక్క మాట చెప్పేవాడు దొరికితే కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుందును అనుకునేవాడు.

సినిమా అయ్యాక చర్చ మొదలైంది.

"ఏమయ్యా గుండూ, నువ్వూ ఓ ముక్క చెప్పు!" అని కేకేశాడు జగన్నాథరావు.

అతను చటుక్కున లేచి, చేతులు పక్కలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు.

"చూశారా! మఫ్టీలో వచ్చినా అటెన్షను మర్చిపోలేదు!"

హాలంతా గొల్లుమంది.

"ఏ స్టేషను నీది?"

"స్టేషనేం లేదండయ్యా. అంకారావు గారితో ఒక్క మాట. విడిగా చెప్పాలండి."

"ఇక్కడ దాపరికాల్లేవు. అందరి ముందూ చెప్పు."

అతను అటూ ఇటూ చూసి, అంకారావు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"యోసేపు సంగతండి."

అంకారావు ఒకడుగు వెనక్కి వేశాడు. పాత కేసు తిరగదోడుతున్నారా? వచ్చే నెలలో ఉద్యోగం పర్మనెంటు కావాలి.

"ఏ యోసేపు?" అన్నాడు.

"మీతో చదువుకున్న యోసేపండి. వాళ్లది నెమలి ఊరండి."

"ఆ పేరు గలవాళ్లెవరూ నాకు తెలీదు."

ఈసారి గొంతు ఎక్కడా పూడుకుపోలేదు.

"తెలీదాండీ?"

"ఒకసారి చెబితే అర్థం కాదా? తెలీదు!"

ఎవరో అతని సంచి లాక్కుని బోర్లించారు. తువ్వాలు, అరిగిపోయిన సబ్బు, బీడీకట్ట పడ్డాయి.

"నోటుబుక్కు లేదేంట్రా?"

"బుర్ర మీదే రాసుకుంటాడు. అందుకే గొరిగించాడు!"

ఒకడు ఆ గుండు మీద ఫెడీమని కొట్టాడు. అంకారావు ఆపలేదు. ఆపకపోవడమేమిటి, అందరికంటే గట్టిగా నవ్వాడు.

అతను వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. సబ్బుకంటిన మట్టి తుడిచి సంచిలో వేసుకున్నాడు.

"పొరపాటు పడ్డానండి. నేను వెతికే అంకారావు గారు వేరే" అని దణ్ణం పెట్టి, బస్టాండు వైపు నడిచిపోయాడు.

"భలే బుకాయించావోయ్!" అని జగన్నాథరావు అంకారావుకి టీ తెప్పించాడు.

మర్నాడు పొద్దున్నే హాలు ముందు హన్నమ్మ నిలబడి ఉంది. యోసేపు తల్లి. రెండేళ్లుగా ఆమె ఎదురైతే అంకారావు పక్క సందులోకి తప్పుకునేవాడు. ఇవాళ తప్పుకోవడానికి సందు లేదు.

"బాబూ, గుండాయన నిన్ను కలిశాడా?"

"ఏ గుండాయన?"

"మూణ్ణాళ్ల కిందట మా ఇంటికొచ్చాడు. సినిమా హాలు కాడ దొరుకుతాడు, గొంతు వింటే నీకే తెలుస్తుందిలే అని నేనే పంపాను."

అంకారావు ఒక్క అంగలో ఆమె దగ్గరికొచ్చాడు.

"ఎవరతను? పేరేంటి? ఎక్కడుంటాడు?"

"దొంగోడికి పేరెందుకమ్మా అన్నాడు. ఊరూ చెప్పలేదు. పశువుల దొంగతనం కేసులో మూడేళ్లుండి మొన్ననే బయటికొచ్చాడంట."

"నీకేం చెప్పాడు హన్నమ్మా?"

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

"మావాడు ప్రాణం వదిలింది ఆయన ఒళ్లోనే బాబూ, నాకు చెప్పమన్నది నాకు చెప్పాడు గానీ నీ మాట మాత్రం నీ చెవిలోనే వెయ్యాలని యోసేపు చేతిలో చెయ్యేయించుకున్నాడంట, ఏం చెప్పి పోయాడు బాబూ నీకు మావాడు?"